సింహం గ్యారంటీనా? సర్కారు పార్కు, ప్రైవేటు రిజర్వు మీద నెల్లూరు స్టూడియోలో గంట రచ్చ

నెల్లూరు లోకల్ కేబుల్ ఛానెల్లో శనివారం రాత్రి నడిచిన చర్చ ఇది. ఆఫ్రికా సఫారీకి వెళ్లొచ్చిన మన ఊరి బృందం ఒకటి వీడియో పెట్టడంతో గొడవ మొదలైంది. బ్రోచర్లో ‘ప్రైవేట్ రిజర్వ్, బిగ్ ఫైవ్ గ్యారంటీ’ (బిగ్ ఫైవ్ అంటే సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా దున్న) అని వేసి, తీరా అక్కడికి వెళ్లాక అందర్నీ ఒకే బస్సెక్కించి సర్కారు పార్కులో తిప్పి పంపించారని వాళ్ల మొర. ఆ ట్రావెల్స్ పేరు స్టూడియోలో ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తడం లేదు. ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట చెవికి అందినంతే రాశాం. రొయ్యల మేత ధర మీద నడిచిన నాలుగు నిమిషాలు తీసేశాం.

యాంకర్: నమస్కారం. ఈ రోజు సూటి ప్రశ్న. లక్షలు పోసి ఆఫ్రికా వెళ్తే సింహం కనిపిస్తుందా, లేదా? గ్యారంటీ ఉందా, లేదా? నలుగురు అతిథులున్నారు, అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. ట్రావెల్స్ నడుపుతున్న మీతోనే మొదలుపెడదాం. గ్యారంటీ అని ఎలా రాస్తారు సార్?

ట్రావెల్స్: ముందు ఒక్క మాట. ఆ బ్రోచర్ నాది కాదు. నేను కాశీ, చార్‌ధామ్ వేసేవాణ్ణి, ఆఫ్రికా ఈ మధ్యే...

యాంకర్: మీది కాదు, సరే. గ్యారంటీ?

ఆక్వా రైతు: గ్యారంటీ సంగతి నేను చెప్తానయ్యా. పోయొచ్చినోణ్ణి నేను. సాబీ శాండ్స్‌లో మూడు రాత్రులు ఉన్నా. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు పక్కనే ఉంటుంది, ప్రైవేటు రిజర్వు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. జీపుకి పైకప్పు లేదు. ముందు బానెట్ మీద ఒక సీటు బిగించి ఉంటుంది, దాంట్లో ట్రాకర్ కూర్చుంటాడు. అక్కడి షాంగాన్ తెగ మనిషి. చేతిలో ఏమీ లేదు. ఇసుకలో అడుగు చూశాడు, చెయ్యెత్తాడు, ఇంజను ఆపేశారు. అడుగు అంచు ఇంకా కూలలేదు, ఇప్పుడే పోయిందన్నాడు. అంతే, రోడ్డు వదిలేసి పొదల్లోకి దూర్చారు జీపుని. చూస్తే మారులా చెట్టు కొమ్మ మీద చిరుత. ఇంపాలా జింకను పైకి లాక్కెళ్లి పెట్టుకుంది. బొచ్చు పీకి ఉమ్ముతా ఉంది. ఆ బొచ్చు గాలికి తేలి వచ్చి నా చొక్కా మీద పడింది! ఇట్టాంటిది సర్కారు పార్కులో చూపించమనండి.

యాంకర్: అంటే ప్రైవేటులో గ్యారంటీ!

ఆక్వా రైతు: రాసిస్తా కావాలంటే.

టీచర్: మీరు రాసిస్తే ఏం లాభం, చిరుత సంతకం పెట్టాలి గదా.

(నవ్వులు. ఈ టీచరమ్మ ఒంగోలులో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. కార్యక్రమం మొత్తమ్మీద ఆమె మాట్లాడింది తక్కువ, పనికొచ్చింది ఎక్కువ.)

యాంకర్: మేడమ్, మీరు క్రూగర్‌లోనే తిరిగారు. సర్కారు పార్కు. సింహం కనిపించిందా?

టీచర్: చెప్తాను. మా అబ్బాయి ఉద్యోగం జొహన్నెస్‌బర్గ్‌లో. కారు అద్దెకు తీసుకుని మేమే నడుపుకుంటూ వెళ్లాం. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడపడం. తారు రోడ్డు మీద 50 దాటకూడదు, మట్టి రోడ్డు మీద 40. కారు దిగకూడదు, రోడ్డు వదలకూడదు. లోయర్ సాబీ అనే క్యాంపులో దిగాం. దాని పక్కనే సన్‌సెట్ డ్యామ్ అని చిన్న చెరువు. కారు ఆపుకుని రెండు గంటలు కూర్చున్నాం. నీటి ఏనుగు వీపు మీద తాబేళ్లు వరసగా ఎక్కి ఎండ కాచుకుంటున్నాయి. అది మునిగితే అన్నీ నీళ్లలోకి జారిపోవడం, తేలితే మళ్లీ ఎక్కడం. పక్కన మొసలి కదలకుండా...

యాంకర్: తాబేళ్లు సరే మేడమ్. సింహం?

టీచర్: నాలుగో రోజు. ముందు ఇరవై కార్లు నిలబడ్డాయి, మాకు తోక కనిపించింది.

ఆక్వా రైతు: తోక! విన్నారా? గాంధీబొమ్మ సెంటర్లో సాయంత్రం ట్రాఫిక్‌లో నిలబడ్డట్టు నిలబడాల. మా దగ్గర ఒక జంతువు చుట్టూ రెండు మూడు జీపులే. నాలుగోది రావాలంటే వైర్‌లెస్‌లో అడిగి, దూరంగా లైన్లో ఆగాల్సిందే.

టీచర్: నిజమే, కాదనను. కానీ ఖర్చు కూడా చెప్పండి. క్రూగర్‌లో విదేశీయులకి రోజుకి మనిషికి ఐదారు వందల రాండ్లు ప్రవేశ రుసుము. రాండ్ అంటే దాదాపు 5 రూపాయలు. క్యాంపులో గది వేరే, వంటిల్లు ఉంటుంది, మేము అన్నం వండుకున్నాం. మీరు ఒక్క రాత్రికి ఎంత కట్టారు?

ఆక్వా రైతు: అదంతా ఎందుకులేమ్మా.

ట్రావెల్స్: ఒక్కరికి ఒక రాత్రికి వెయ్యి డాలర్లు దాటే లాడ్జీలు కూడా ఉన్నాయి అన్నా అక్కడ. తక్కువలోనూ ఉన్నాయి. కాకపోతే తిండి, రెండు ట్రిప్పులు దాంట్లోనే కలిసి ఉంటాయి.

యాంకర్: వెయ్యి డాలర్లిచ్చినా గ్యారంటీ లేదంటారా?

రేంజర్: నన్నొక మాట చెప్పనివ్వండి. నేను మార్కాపురం వైపు నల్లమలలో పని చేసి రిటైరయ్యాను. అడవి జంతువుకి గ్యారంటీ అన్నవాడు ఎవడైనా సరే, అబద్ధం చెప్తున్నాడు, లేదా బోనులో పెట్టి చూపిస్తున్నాడు. చిన్న చిన్న ప్రైవేటు రిజర్వులు చుట్టూ కంచె వేసి, సింహాల్ని కొనుక్కొచ్చి వదులుతాయి. అక్కడ గ్యారంటీ ఇవ్వొచ్చు. అది మీ చెరువులో రొయ్యలకి వల వేసినట్టే గదా సార్!

ఆక్వా రైతు: ఏంది? నేను కల్చర్ సింహాన్ని చూసొచ్చానా? రేంజర్ సార్, తెలిసి మాట్లాడాల. సాబీ శాండ్స్‌కీ క్రూగర్‌కీ మధ్య కంచె లేదు. 1993లో తీసేశారు. పొద్దున మీ సర్కారు పార్కులో ఉన్న సింహం రాత్రికి మా వైపు వస్తుంది. అదే సింహం! ఆ వైపు తోక, ఈ వైపు మొహం. తేడా అదొక్కటే.

(ఈ మాటకి స్టూడియోలో ఎవరో చప్పట్లు కొట్టారు. కెమెరా ఇక ఆయన మీదనుంచి కదల్లేదు.)

రేంజర్: కంచె లేదని నేనూ ఒప్పుకుంటాను. అన్ని ప్రైవేటు రిజర్వులూ అట్టా ఉండవు అంటున్నాను. ఇంకోటి. క్రూగర్‌ని ఆనుకుని కంచె లేని ప్రైవేటు రిజర్వులే కొన్ని ఉన్నాయి, టింబవాటి లాంటివి. అక్కడ డబ్బు తీసుకుని వేటకి కూడా...

ఆక్వా రైతు: నేను పోయిన చోట వేట లేదు!

రేంజర్: మీరు పోయిన చోట అనలేదు. టింబవాటి అన్నాను. ఆ డబ్బుతోనే ఖడ్గమృగాలకి కాపలా పెడతాం అంటారు వాళ్లు. దాని మీద చాలా వాదన ఉంది. పర్యాటకుడు అడిగి తెలుసుకోవాలి గదా?

ఆక్వా రైతు: నేను పోయిన చోట లేదు. అంతే.

యాంకర్: సరే, వేట పక్కన పెడదాం. గ్యారంటీ దగ్గరికొద్దాం.

(ప్రకటనలు. తిరిగొచ్చేసరికి ఆక్వా రైతు మాట్లాడుతూనే ఉన్నారు.)

ఆక్వా రైతు: ...రాత్రిపూట లైటు వేసుకుని తిరిగాం. సర్కారు పార్కులో సాయంత్రం అయితే గేటు వేసేస్తారు.

టీచర్: జూన్, జూలైలో క్యాంపు గేటు పొద్దున 6కి తీసి సాయంత్రం 5:30కి మూస్తారు. మా సొంత కారుకి ఆ రూలు. పార్కు వాళ్ల బండిలో, వాళ్ల గైడుతో రాత్రి సఫారీకి వెళ్లొచ్చు, వేరే టికెట్ కొంటే సరి. మేమూ వెళ్లాం. హైనా...

ఆక్వా రైతు: పెద్ద ట్రక్కు గదమ్మా అది.

టీచర్: పెద్దదే. అయితే? ఇంకో విషయం, ఇది ముఖ్యం. క్రూగర్ లోపలే కొన్ని చోట్ల ప్రైవేటు కంపెనీలకి లీజుకిచ్చారు, కన్సెషన్ అంటారు. భూమి సర్కారుది, లాడ్జి ప్రైవేటు వాళ్లది. అంటే సర్కారా, ప్రైవేటా అన్న ప్రశ్నే సగం...

యాంకర్: ఒక్క నిమిషం మేడమ్, ఫోన్ లైన్లో కావలి నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో: నమస్తే అండీ. మేము దసరా సెలవులకి వెళ్దామనుకుంటున్నాం. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆ పైకప్పు లేని జీపు ఎత్తుగా ఉంటుంది గదా, ఎక్కగలదా? లేకపోతే కారే నయమా?

యాంకర్: మంచి ప్రశ్న. లైన్లోనే ఉండండి. దీనికి ముందు రేంజర్ గారూ, మన నల్లమలలో గ్యారంటీ ఉందా?

రేంజర్: (నవ్వుతూ) మళ్లీ గ్యారంటీ. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఉంది, ఫారెస్టు వాళ్లే నడుపుతారు. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మనది, నాగార్జునసాగర్–శ్రీశైలం. జీపు దిగీ దిగగానే జనం పులేదీ అంటారు. మేం పని చేసినన్నాళ్లు ఎక్కువగా చూసింది పులి అడుగులే. చెంచు మనిషిని పక్కన పెట్టుకుంటే చాలు, కోతి అరుపు విని ఇటు పోదాం అంటాడు. ఆయన చెప్పిన ట్రాకర్‌కీ మా చెంచులకీ తేడా ఏమీ లేదు. జీతంలోనే తేడా.

ఆక్వా రైతు: అందుకే అంటున్నా, ప్రైవేటుకి ఇవ్వండి! ఆ చెంచులకి మంచి జీతాలొస్తాయి, పులికి కాపలా ఉంటుంది, ఊరికి ఆదాయం. సాబీ శాండ్స్‌లో భూములున్నవాళ్లంతా 1948లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. మనం ఇప్పటికీ ఫారెస్టు రెస్టు హౌసుకి సిఫార్సు ఉత్తరం కోసం తిరుగుతున్నాం.

రేంజర్: అక్కడ అది వాళ్ల సొంత భూమి సార్! ఇక్కడ రిజర్వు ఫారెస్టు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, చెంచులకి అటవీ హక్కులున్నాయి. మీ ప్రైవేటు వాడు గేటు పెడితే అమ్మవారి మొక్కుకి అడవిలోకి పోయే చెంచు టికెట్ కొనాలా?

ఆక్వా రైతు: నేనట్టా అన్నానా? నేనట్టా అన్నానా చెప్పండి!

యాంకర్: అన్నట్టే వినిపించింది సార్.

(ఇక్కడ రెండు నిమిషాలు ముగ్గురూ కలిసి అరిచారు. ‘రాజకీయం చెయ్యొద్దు’, ‘మైకు’ అన్న మాటలు తప్ప ఏమీ అర్థం కాలేదు.)

ట్రావెల్స్: సార్, కెన్యా మోడల్ ఒకటుంది, అది చెప్తే గొడవ తగ్గుతుంది. మసాయి మారా అని పేరు విన్నారు గదా. మధ్యలో ఉన్నది కౌంటీ ప్రభుత్వం చేతిలో ఉన్న రిజర్వు. 2024 నుంచి జూలై–డిసెంబర్ మధ్య విదేశీయుడికి ప్రవేశమే 200 డాలర్లు, అదీ 12 గంటలకి. దాని చుట్టూ కన్సర్వెన్సీలు. భూమి మసాయి కుటుంబాలది, లాడ్జీలు వాళ్లకి అద్దె కడతాయి. అక్కడ బండ్లు తక్కువ, రాత్రి సఫారీ ఉంటుంది. వైల్డ్‌బీస్ట్ అనే జంతువులు గుంపులుగా నది దాటడం చూడాలంటే మాత్రం ఎక్కువగా రిజర్వులోకే పోవాలి. కెన్యాకి పోయేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. క్రూగర్ అయితే మలేరియా మందు గురించి డాక్టర్ని అడగండి.

యాంకర్: కన్సర్వెన్సీలో గ్యారంటీ ఉందా?

ట్రావెల్స్: సార్...

టీచర్: బాబూ, గ్యారంటీ వదిలెయ్. ఆ వీడియో పెట్టినవాళ్ల బాధ సింహం కనపడలేదని కాదు. ఒకటి చెప్పి ఇంకొకటి చూపించారని. బ్రోచర్లో లాడ్జి పేరు ఉందా? అది గేటు లోపలా, బయటా? బయట ఊళ్లో హోటల్లో పడుకోబెట్టి పొద్దున బస్సులో గేటు దాకా తీసుకొచ్చి, దాన్నే క్రూగర్ ప్రైవేట్ సఫారీ అంటే ఎట్టా? బస్సు మొత్తం మనదే కాబట్టి ప్రైవేటు అన్నారేమో. ఆ రిజర్వుకీ పార్కుకీ మధ్య కంచె ఉందా, బండి ఎవరిది, రోడ్డు దిగుతుందా, ఎంతమందిని ఎక్కిస్తారు, డబ్బు కట్టేముందు ఇవి కాగితం మీద...

ఆక్వా రైతు: నేను అదే అంటున్నా! నేను పేరు చూసుకుని బుక్ చేసుకున్నా కాబట్టి నాకు చిరుత కనిపించింది.

టీచర్: మీరు అదనలేదు.

ఆక్వా రైతు: మొదట్నుంచీ అదే అంటున్నా! ప్రైవేటు బెస్టు అని.

యాంకర్: సమయం అయిపోవచ్చింది. ఒక్కొక్కరు ఒక్క వాక్యంలో. సార్, మీతో మొదలు.

ఆక్వా రైతు: ఒక్క వాక్యమే. చేతిలో డబ్బుంటే రెండు రాత్రులైనా ప్రైవేటుకే పోండి. జన్మకొకసారి పోతాం, తోక చూసి రావడానికా? మా వీధిలో ఆరుగురిని పంపించా, ఆరుగురికీ చిరుత. తిండి అయితే, చెప్పలేను, మనకి పప్పు కూడా చేసి పెట్టాడు వంటవాడు. ఇంకా ఏంటంటే, పొద్దున చలికి వేడినీళ్ల సంచి ఒళ్లో పెడతారు, కాఫీ అడవిలోనే...

రేంజర్: ఇది ఒక్క వాక్యమా?

ఆక్వా రైతు: అయిపోయింది, అయిపోయింది. దానికి తోడు...

యాంకర్: రేంజర్ గారూ, పది సెకన్లు. గ్యారంటీ?

రేంజర్: లేదు.

యాంకర్: మేడమ్?

టీచర్: నేను కావలి నుంచి అడిగిన అమ్మాయికి జవాబు చెప్పాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి...

యాంకర్: క్షమించాలి మేడమ్, పూర్తిగా టైమ్ లేదు. చూశారు గదా, ప్రైవేటులో ఆరుగురికి ఆరుగురూ చిరుతను చూశారని సార్ చెప్పారు. మిగతాది వచ్చే వారం చూద్దాం. నమస్కారం.

(సంగీతం. దాని కింద ఇంకా వినిపిస్తున్న గొంతులు ఇవి.)

ఆక్వా రైతు: ...ఆ జీపుకి మెట్లు ఉంటాయి, చిన్న స్టూలు కూడా...

ఫోన్‌లో: హలో? హలో అండీ, లైన్లోనే ఉన్నా. స్టూలంటే ఎంత ఎత్తుంటుంది?