అమ్మ పెరట్లో అతినీలలోహిత టార్చి

నమస్కారం అండి. ఎప్పుడూ అమెరికా వీడియోలు పెట్టే నేను ఈసారి కోవూరులో, మా అమ్మ పెరట్లో, చీకట్లో నిలబడి మాట్లాడుతున్నాను. తేనెటీగ కంటికి పువ్వు ఎలా కనబడుతుందో చూపించమని మా పిన్నమ్మ రెండు నెలలుగా అడుగుతున్నందువల్ల, డాలస్‌లో 30 డాలర్లు, అంటే మన లెక్కలో రెండున్నర వేల రూపాయలకు పైగా పోసి, మన కంటికి కనబడని అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతినిచ్చే టార్చి ఒకటి కొని తెచ్చాను. ధర విన్న అమ్మ, ఆ డబ్బుకు ఎండాకాలమంతా మల్లెపూలు వచ్చేవని అన్నది.

డబ్బా మీద తేనెటీగలా చూడవచ్చని రాసి ఉన్నది కానీ, అది నిజం కాదు. కాంతి తరంగం పొడవును నానోమీటర్లలో కొలుస్తారు; మన కంటి కటకం 400 నానోమీటర్ల లోపు కాంతిని, అంటే అతినీలలోహితాన్ని, దాదాపుగా లోపలికి రానివ్వదు. తేనెటీగ సుమారు 300 నుంచి 650 దాకా చూస్తుంది. మనకు నిండు పసుపుగా కనిపించే పొద్దుతిరుగుడు రేకుల కొసలు అతినీలలోహిత కాంతిని వెనక్కి పంపి, మొదళ్లు పీల్చుకోవడం వల్ల, నడుమ ఏర్పడే నల్లని వలయం తేనెటీగకు వాలవలసిన చోటు చూపుతుంది. దానిని పట్టాలంటే ప్రత్యేకమైన లెన్సు, ఫిల్టరు ఉన్న కెమెరా కావాలి. ఈ 365 నానోమీటర్ల టార్చి చూపించేది వేరు. పువ్వు ఆ కాంతిని మింగి, మన కంటికి ఆనే రంగుగా విడిచే వెలుగు ఇది.

మందారం రేకులు నల్లబడిపోయి, పుప్పొడి మాత్రం విభూతి చల్లినట్టు మెరిసింది. నందివర్ధనం నిరాశపరిచింది. అసలు సంగతి గోడవారనున్న చంద్రకాంతలో ఉన్నది. సాయంత్రం విచ్చిన పూలలో పసుపు, ఎరుపు చారలు కలిసిన ఒకదాని మీద టార్చి వేస్తే, పసుపు చారలు లేత ఆకుపచ్చగా వెలిగాయి, ఎర్రచారలు బొగ్గులా ఉండిపోయాయి. పసుపునిచ్చే బీటాజాంథిన్ అనే రంగుపదార్థం విడిచిన వెలుగును ఎరుపునిచ్చే బీటానిన్ అనే రంగుపదార్థం మింగేస్తుందని 2005లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో రాసినది ఈ పువ్వు గురించే. చిన్నప్పుడు బూరలా ఊదిన పువ్వు సంగతి నాకు డాలస్‌లో ఒంటరిగా కూర్చుని చదివితే గానీ తెలియలేదు.

లోపలికి వస్తూ టార్చి ఆర్పడం మరిచిపోయాను. ఉదయం అమ్మ గడపకు రాసిన పసుపు, పూలన్నింటికన్నా ఎక్కువగా, నిమ్మపండు రంగులో భగ్గుమన్నది. ఆ పసుపు పొట్లం పది రూపాయలని అమ్మ కెమెరాకు వినబడేలా రెండుసార్లు చెప్పింది.