కాళ్లు కనపడే వీడియో పంపండి

సభకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినవాటిలో సగం కొట్టేయండి, మిగతా సగం కార్యదర్శి గారి అభిమానం. పన్నెండున్నరకు భోజనాలు అన్నారు, కాబట్టి పెద్దల పేర్లు వరసగా చదవకుండా అందరికీ కలిపి ఒకే దండం పెట్టేస్తున్నాను.

కరపత్రంలో నా అంశం "డ్రమ్ కార్ప్స్‌లో చేరడం ఎలా" అని వేశారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కూడా కూర్చున్నారు కనక అసలు ఇదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. డ్రమ్ కార్ప్స్ అంటే ఫుట్‌బాల్ మైదానం మీద కవాతు చేస్తూ వాయించే కుర్రకారు బృందం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల సంఘాలు తమ ఊళ్ల పిల్లల చేతికి డ్రమ్ములు, బ్యూగుళ్లు ఇచ్చి కవాతు నేర్పించాయి. అక్కడ మొదలైంది. 1971లో కొన్ని పెద్ద కార్ప్స్ కలిసి డ్రమ్ కార్ప్స్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి, దాన్నే అందరూ డీసీఐ అంటారు. మరుసటి ఏడు విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. ఇప్పుడు ఫైనల్స్ ఆగస్టులో, ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతాయి. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్ ఉండవు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలతో, ఉత్తుత్తి రైఫిళ్లతో ఆడే కలర్ గార్డ్, అంతే. షో పది పన్నెండు నిమిషాలు. పిల్లల కార్ప్స్‌లో గరిష్ఠ వయసు 22. చలికాలమంతా నెలకో వారాంతం క్యాంపు, మే నెల మధ్య నుంచి రోజంతా సాధన, జూన్ చివర్నుంచి బస్సులో ఊరూరూ. పడక స్కూలు జిమ్ నేల మీద. పెద్ద కార్ప్స్ చాలావాటిలో ఫీజు ఐదు వేల డాలర్లు దాటింది. అంత డబ్బు పెట్టి నేల మీద పడుకోవడమేమిటని నన్ను అడక్కండి, పిల్లల్నే అడగండి.

ఇక ఆడిషన్. దరఖాస్తు, వాయించాల్సిన పాఠాల ప్యాకెట్ డౌన్‌లోడు, తేదీలు, అవన్నీ ఆయా కార్ప్స్ వెబ్‌సైట్లలో ఉంటాయి. చదువుకోగలరు. నేను మాట్లాడాల్సింది ఆడిషన్‌కు పంపే వీడియోల గురించి.

మన ఇళ్లలో పిల్లల వీడియో ఎలా తీస్తున్నారు? డ్రమ్ముకు బదులు సాధన చేసే ప్యాడ్ ఎదురుగా ఫోన్ పెట్టి, జూమ్ చేసి, రెండు చేతులూ రెండు పుల్లలూ మాత్రమే. చేతులు అద్భుతంగా ఉంటాయి. వేగం ఉంటుంది, రోల్స్ శుభ్రంగా ఉంటాయి. నడుం కింద ఏమీ లేదు! అమ్మా, అయ్యా, వీడియో చూసే టెక్నీషియన్, అంటే కార్ప్స్ శిక్షకుడు, మొట్టమొదట వెతికేది కాళ్లని. వాయిస్తూ మార్క్ టైమ్, అంటే నిలబడ్డ చోటే కవాతు, చేస్తున్నాడా, మడమ బీటు మీద పడుతోందా, కష్టమైన చోట కాళ్లు తడబడుతున్నాయా. చేతులు జూన్‌లో బాగుచేయవచ్చు. కాళ్లు రానివాణ్ణి జూన్‌లో బాగుచేయడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఎందుకింత పట్టుదల అంటే ఒక చిన్న లెక్క చెప్పాలి. ఇంజినీర్లు నిండిన హాలు కనక భయం లేదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. అంటే వంద అడుగులకు 89 మిల్లీసెకన్లు. ఈ హాలు ఇంచుమించు అంత పొడవుంది. ఒక పని చేద్దాం. ముందు వరస వాళ్లు నాతో పాటు చప్పట్లు కొట్టండి. వెనక గోడ దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు నన్ను చూడొద్దు, కళ్లు మూసుకుని, ముందు వరస చప్పుడు విని దాంతో కలిపి కొట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... విన్నారా? వెనకవాళ్లు ఎక్కడా తప్పలేదు. విన్నదాంతో సరిగ్గా కలిపే కొట్టారు. అయినా ఇక్కడ నిలబడ్డ నాకు ఆలస్యంగా వినిపించింది. ముందు చప్పుడు వాళ్లను చేరడానికి 89, వాళ్ల చప్పుడు నన్ను చేరడానికి ఇంకో 89. మొత్తం 178 మిల్లీసెకన్లు.

ఇప్పుడు దీన్ని మైదానం మీద పెట్టండి. కాలేజీ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు. మైదానం పొడవునా రెండు వరసల్లో ఉండే పొట్టి గీతల్ని హాష్ గీతలంటారు. వెనక హాష్ గీతలు ముందు సైడ్‌లైన్‌కు సరిగ్గా వంద అడుగుల దూరంలో ఉంటాయి. స్నేర్లు, ఒక్కడే మోసే డ్రమ్ముల గుత్తి అయిన టెనర్లు, బేస్ డ్రమ్ములు కలిపి బ్యాటరీ అంటారు. అది చాలాసార్లు అక్కడే ఉంటుంది. మరింబాలు, వైబ్రాఫోన్లు, సింథసైజర్లు ఉన్న పిట్ ముందు గీత దగ్గర. పాట టెంపో నిమిషానికి 180 అనుకోండి. ఒక బీటు 333 మిల్లీసెకన్లు, బీటులో నాలుగో వంతు, అంటే ఒక పదహారో నోటు, 83. అంటే బ్యాటరీలో ఒక్కడు పిట్‌ను విని దాంతో కలపాలని చూశాడా, ప్రేక్షకుల చెవిలో రెండు పదహారో నోట్లు వెనకబడ్డాడు. ఒక గోల్ లైను నుంచి ఇంకో గోల్ లైనుకు మూడు వందల అడుగులు, 267 మిల్లీసెకన్లు. ఒక బీటులో ఐదింట నాలుగు వంతులు.

అందుకే మైదానం మీద ఒక సూత్రం ఉంది. వెనకనున్నవాడు ముందున్నదాన్ని వినకూడదు. ముందున్నవాడు వెనకనుంచి వచ్చేదాన్ని వినాలి. ఉరుము కంటే మెరుపు ముందు కనపడినట్టు, కంటికి ఆలస్యం లేదు, చెవికే ఆలస్యం. బ్యాటరీ వెనక ఉన్నప్పుడు, చేతులతో తాళం చూపించే డ్రమ్ మేజర్, స్నేర్ల వరస మధ్యలో ఉండే సెంటర్ స్నేర్ పాదాలను చూస్తూ చేతులు ఊపుతాడు. బ్రాస్ వాళ్లు, అంటే ఇత్తడి వాయిద్యాల వాళ్లు, డ్రమ్ మేజర్ చేతులు చూస్తారు. పిట్ వాళ్లు డ్రమ్ మేజర్‌ను చూడరు, చెవులు వెనక్కి పెట్టి బ్యాటరీ శబ్దం తమను చేరిన క్షణానికి వాయిస్తారు. అన్నీ కలిసి స్టాండ్స్‌కు ఒకేసారి చేరతాయి. మరి ఆ సెంటర్ స్నేర్ ఎవరిని వింటాడు? ఎవరినీ వినడు. అతని కాలం అతని కాళ్లలో ఉంది. నూట యాభై పైచిలుకు మంది కాలం ఆ రెండు మడమల మీద నిలబడి ఉంది. మీ వీడియోలో కత్తిరించేసింది వాటినే!

మన డప్పు బృందానికి ఈ బాధ లేదు. పది అడుగుల గుండ్రంలో ఉంటారు, పది మిల్లీసెకన్లు కూడా తేడా రాదు, ఒకరినొకరు విని కలిపేసుకోవచ్చు. కానీ చూడండి, వాళ్లు కూడా అడుగు వేయకుండా దరువు వేయరు. కాలి గజ్జెలు ఊరికే కట్టుకోలేదు.

రిహార్సల్‌లో మెట్రోనోమ్ స్పీకరును బ్యాటరీ వెనకాలే పెట్టి, డ్రిల్లులో వాళ్లు చోటు మారినప్పుడల్లా దాన్ని తోసుకుంటూ తిరగడం కూడా ఇందుకే. ముందు పెడితే అందరూ ముందును వినడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు ఆగస్టు దాకా పోదు. కొన్ని స్కూళ్లలో సౌకర్యం కోసం స్పీకరును ముందు సైడ్‌లైన్‌లోనే ఉంచేస్తున్నారు. కరెంటు ప్లగ్గు అక్కడ ఉంది కాబట్టి అట. పిల్లలు ఏడాదంతా తప్పు దిక్కుకు వినడం నేర్చుకుంటున్నారు. ఎక్స్‌టెన్షన్ కార్డు కొనండి, లేదా ఛార్జింగ్ స్పీకరు కొనండి. బూస్టర్ క్లబ్, అంటే తల్లిదండ్రుల చందాల సంఘం, డబ్బుతో టీ షర్టులు తర్వాత వేయించుకోవచ్చు.

సరే, కాళ్లకు ఏం చేయాలి. వాకిట్లో డ్రైవ్‌వేలో టేపు పెట్టి 15 అడుగులు కొలవండి, రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. ఆ దూరాన్ని ఎనిమిది అంగల్లో నడవాలి. ఎయిట్ టు ఫైవ్ అంటారు, ఐదు గజాలకు ఎనిమిది అంగలు. ఒక్కో అంగ 22.5 అంగుళాలు. ఎనిమిదో అంగలో పాదం మధ్య వంపు గీత మీదకు రావాలి, బొటనవేలు కాదు, మడమ కాదు. మొదట చూస్తూ, తర్వాత తల దించకుండా. అది కుదిరాక అదే దూరాన్ని ఆరు అంగల్లో, 30 అంగుళాల చొప్పున. తర్వాత పన్నెండు అంగల్లో, 15 అంగుళాల చొప్పున. పొట్టి అడుగులే కష్టం. పొడవు అడుగులో ఊపు ఆదుకుంటుంది, పొట్టి అడుగులో తొందర బయటపడుతుంది.

ముందుకు నడిచేటప్పుడు మడమ బీటు మీద నేల తాకాలి. వెనక కాలు ముందుకొస్తూ రెండు చీలమండలు పక్కపక్కకు వచ్చే క్షణం సరిగ్గా రెండు బీట్ల మధ్య ఉండాలి. దీన్ని ఎవరూ గమనించరు. అడుగు పడిన చోటు చూస్తారు గాని చీలమండ దాటిన చోటు చూడరు. మడమ టైముకు పడుతున్నా దాటడం ఆలస్యమైతే అడుగు కుదుపుగా పడుతుంది, నడుం ఎగురుతుంది, డ్రమ్ము ఎగురుతుంది, పుల్లను మూడంగుళాలే ఎత్తి కొట్టాల్సిన నోటు నాలుగై కూర్చుంటుంది. పై నుంచి చూసేవాడు చెయ్యి తప్పింది అంటాడు. తప్పింది చీలమండ.

వెనక్కి నడిచేటప్పుడు మడమలు నేల తాకవు, ముందరి పాదం మీదే నడక. పక్కకు పోవాల్సి వస్తే బ్రాస్ వాళ్లు కాళ్లు అటు తిప్పి నడుం పైభాగాన్ని మాత్రం ముందుకు ఉంచుతారు. డ్రమ్ము తగిలించుకున్నవాడికి ఆ వీలు లేదు, అందుకే కాలి ముందు కాలు దాటిస్తూ పీత నడక నడుస్తారు, క్రాబ్ అంటారు. టెనర్లకు ఇది మరీ కష్టం. ఆ డ్రమ్ముల బరువు క్యారియర్‌తో కలిపి 15 కిలోలు దాటుతుంది, పైగా చేతులు ఒక డ్రమ్ము నుంచి ఇంకోదానికి ఊగుతుంటే భుజాలు కూడా ఊగుతాయి, భుజాల వెంట కాళ్లు పోతాయి.

బేస్ డ్రమ్ముల సంగతి ఇంకోటి. ఐదుగురు ఉంటారు, 18 అంగుళాల చిన్నదాని నుంచి 30, 32 అంగుళాల పెద్దదాని దాకా. పరుగులాంటి ఒక వరస నోట్లను ఐదుగురూ పంచుకుంటారు. ఒక్కొక్కరికి ఒక్కటే నోటు, పక్కవాడికీ వీడికీ మధ్య 83 మిల్లీసెకన్లు. పక్కవాడు కొట్టాక కొడదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. ఐదుగురూ ఎవరి కాళ్లతో వాళ్లు లెక్క పెట్టుకోవాలి. అందులో ఒకడి ఎడమకాలు ఒక వెంట్రుక వాసి ముందు పడినా ఆ పరుగులో ఎక్కడో చిన్న గుంట వినపడుతుంది. మీ పిల్లాడికి బేస్ ఇచ్చారంటే చేతులు తక్కువని చిన్నబుచ్చుకోకండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మొదటి అడుగు. ఒకటో బీటుకి ఎడమ పాదం నేల మీద ఉండాలి. చాలామంది ఒకటో బీటుకి ఎడమ పాదం ఎత్తుతారు. ఎన్‌సీసీలో చేసినవాళ్లకు తెలుసు. శరీరం బరువు అంతకు ముందరి అర బీటులోనే కదలాలి. ఇంట్లో దీనికి సాధన ఉంది. మెట్రోనోమ్ నాలుగు కొట్టనిచ్చి, ఒక్క అడుగు వేసి ఆగిపోవాలి. మళ్లీ నాలుగు, మళ్లీ ఒక్క అడుగు. ఇరవై సార్లు. విసుగ్గా ఉంటుంది. ఆ విసుగు తట్టుకున్న పిల్లాడు క్యాంపులో రెండో రోజుకు తెలిసిపోతాడు.

తర్వాత ప్యాడ్ మీద. కుడి చేత ఎనిమిది, ఎడమ చేత ఎనిమిది. దాన్ని ఎయిట్స్ అంటారు. టెంపో 80 దగ్గర మొదలుపెట్టి, మార్క్ టైమ్ చేస్తూనే వాయించాలి. కూర్చుని వాయించిన గంట లెక్కలోకి రాదు. మార్క్ టైమ్‌లో మునివేళ్లు నేల వదలకూడదు, మడమ మాత్రమే లేవాలి. అది కుదిరాక మెట్రోనోమ్‌ను బీటు మీద కాకుండా రెండు బీట్ల మధ్య మోగేట్టు పెట్టండి. అప్పుడు బీటు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, కాళ్లే చెప్పాలి. చేతులు బ్రహ్మాండంగా ఉన్న పిల్లలు కూడా మొదటిసారి ఇక్కడ నాలుగు ఆవర్తనాలు దాటలేరు.

వీడియోకి ఫోన్ పది పన్నెండు అడుగుల దూరంలో, నడుం ఎత్తులో పెట్టండి. తల నుంచి బూట్ల దాకా కనపడాలి. మెట్రోనోమ్ ఇయర్‌బడ్‌లో కాదు, బయటికి వినపడాలి. తివాచీ మీద వద్దు, మడమ కనపడదు. మందపాటి నురగ అట్టల రన్నింగ్ షూలు కూడా వద్దు, మడమ ఎప్పుడు దిగిందో వేసుకున్నవాడికే తెలియదు.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. 1983 దాకా జడ్జీలు తప్పు కనపడినప్పుడల్లా పదో వంతు మార్కు కోసేవారు, దాన్ని టిక్ అనేవారు. 1984 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు వందలో నలభై జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే షో మొత్తంగా కలిగించే ప్రభావానికి, ముప్పై సంగీతానికి, ముప్పై విజువల్‌కి. మన తల్లిదండ్రులు మాత్రం ఇంకా టిక్కుల కాలంలోనే ఉన్నారు. వీడియోలో ఒక్క పుల్ల తగులుకుంటే మళ్లీ తీద్దాం, మళ్లీ తీద్దాం అని పిల్లవాణ్ణి రాత్రి పదకొండు దాకా నిలబెడతారు. పుల్ల తగులుకున్నా కాళ్లు ఆగకపోతే ఆ వీడియోనే పంపండి. తప్పు తర్వాత వాడు ఏం చేశాడన్నదే టెక్నీషియన్‌కు కావాలి.

ఇంకొకటి, ఇది బతిమాలి చెబుతున్నాను. చెవులు. డ్రమ్‌లైన్ మధ్యలో శబ్దం వంద డెసిబెల్స్ దాటుతుంది. ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దు అని ఇక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ చెబుతుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమైపోతుంది. వంద దగ్గర పదిహేను నిమిషాలు. వీళ్లు రోజుకు పది గంటలు సాధన చేస్తారు. పోయిన వినికిడి తిరిగి రాదు. శబ్దాన్ని మంద్ర స్థాయి నుంచి తార స్థాయి దాకా సమానంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, అవి పెట్టుకుంటే పక్కవాడి నోట్లు శుభ్రంగానే వినపడతాయి. ఇంట్లో ప్యాడ్ మీద కూడా పెట్టుకుని అలవాటు చేయించండి, లేకపోతే క్యాంపులో తీసి జేబులో వేసుకుంటారు.

పార్కింగ్ లాట్‌లో, చెట్ల వైపు, పదిహేను అడుగుల గీతలు ఆరు జతలు గీసి ఉన్నాయి. భోజనాలకు ఇంకా ఇరవై నిమిషాలుంది, పప్పు చల్లారినా పరవాలేదు. పిల్లలు పుల్లలు తీసుకుని బయటికి రండి, ప్యాడ్‌లు తర్వాత. నీళ్ల సీసా ఉండాలి, బూట్ల లేసులు గట్టిగా కట్టుకోండి. ఇయర్‌ప్లగ్‌లు తలుపు పక్క డబ్బాలో ఉన్నాయి, మనిషికి ఒక జత.