పచ్చబొట్టును వీసా అధికారి ఎలా చదువుతాడు?

(తిరుపతిలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: వలస చట్టాల న్యాయవాది, చర్మవ్యాధుల వైద్యురాలు, నగరంలో టాటూ దుకాణం నడిపే కళాకారుడు.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ చేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, మూడు పచ్చ చుక్కలు ఉండేవి. చిన్నతనంలో జాతరకు వెళ్లినప్పుడు పొడిపించుకున్నానని, పోయేనాడు మనిషి వెంట వచ్చే సొమ్ము అదొక్కటేనని ఆమె చెప్పేది. ఇవాళ మన ఊళ్లో పిల్లలు మెడ మీదా మణికట్టు మీదా టాటూలు వేయించుకుంటున్నారు, మరుసటి ఏడాది వీసాకు దరఖాస్తు చేస్తున్నారు. లాయరు గారూ, టాటూ ఉంటే వీసా ఆగిపోతుందా?

న్యాయవాది: టాటూ ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వకూడదని అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. చదువు కోసం ఎఫ్-1, ఉద్యోగం కోసం హెచ్-1బి అడిగేవారికి మామూలుగా వైద్య పరీక్ష ఉండదు కనుక, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో జరిగే ఆ కొద్ది నిమిషాల ఇంటర్వ్యూలో అధికారి విద్యార్థుల దగ్గర చూసేది చదువు, ఫీజుకు డబ్బు ఎక్కడిది, తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా అన్నవే; హెచ్-1బి వారి దగ్గర చూసేది ఉద్యోగం, దానికి తగిన అర్హత. చిక్కంతా స్థిర నివాస వీసాల దగ్గర ఉంది. అక్కడ కాన్సులేట్ గుర్తించిన వైద్యుడు ఒంటిని పరీక్షిస్తాడు, టాటూ గురించి అడుగుతాడు, చూసినది నివేదికలో రాయవచ్చు. ఆ గుర్తుకు ఏదైనా నేర ముఠాతో సంబంధం ఉందన్న అనుమానం కలిగితే కథ మారిపోతుంది.

సమన్వయకర్త: అలా నిజంగా జరిగిన సందర్భం ఉందా?

న్యాయవాది: ఉంది, అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన సాండ్రా మున్యోజ్ అనే పౌరహక్కుల న్యాయవాది 2010లో ఎల్ సాల్వడార్ దేశస్థుడిని వివాహం చేసుకున్నారు. ఆయన ఒంటి మీద గ్వాడలూపే మాత (మేరీమాత) బొమ్మ, నవ్వే ముఖం ఏడ్చే ముఖం ఉన్న నాటక ముసుగులు, మనస్తత్వవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ బొమ్మ ఉన్నాయి. 2015లో శాన్ సాల్వడార్‌లోని కాన్సులేట్ వీసా నిరాకరించి, చట్టంలోని ఒక సెక్షన్‌ను మాత్రం చూపింది. ఆయన ఎల్ సాల్వడార్‌లోనూ అమెరికాలోనూ పేరుమోసిన ఎంఎస్-13 అనే నేర ముఠా సభ్యుడని తాము నమ్మామన్న అసలు కారణాన్ని ప్రభుత్వం కొన్నేళ్ల తరువాత, దావా నడుస్తుండగా బయటపెట్టింది. ఆ టాటూలకు ఏ ముఠాతోనూ సంబంధం లేదని ముఠాల వ్యవహారం తెలిసిన నిపుణుడు రాసి ఇచ్చినా ఉపయోగం లేకపోయింది. విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి అనుమతించాలని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని 2024 జూన్ 21న కోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. కాన్సులేట్ నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా తిరిగి విచారించవు. అందుకే నేను ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దని బతిమాలి చెబుతాను. ఫ్రాయిడ్ బొమ్మ ఉన్న మనిషికే అంత జరిగింది.

కళాకారుడు: ఇది విన్న తరువాత నాకు భయం వేస్తోంది సార్. మా దుకాణానికి వచ్చే పిల్లల్లో సగం మంది ఫోనులో ఒక బొమ్మ చూపించి అదే కావాలంటారు. కిరీటం, కంటి కింద కన్నీటి చుక్క, 13 అంకె, ఇలాంటివి. వాటి అర్థం వాళ్లకూ తెలియదు, మొన్నటి దాకా నాకూ తెలియదు.

న్యాయవాది: 13 అంకెను ఎంఎస్-13 లాంటి ముఠాలతో ముడిపెట్టి చూస్తారు, ఎందుకంటే మెక్సికన్ మాఫియా ముఠాకు గుర్తైన ఎమ్ అక్షరం ఇంగ్లీషు అక్షరమాలలో పదమూడవది. కిరీటం బొమ్మ సంగతి మరీ బాధాకరం. 2025 మార్చిలో అమెరికా 200 మందికి పైగా వెనిజులా దేశస్థులను ఎల్ సాల్వడార్ జైలుకు పంపినప్పుడు, వారిలో కొందరు ముఠా సభ్యులని చెప్పడానికి చూపిన ఆధారాలలో అలాంటి టాటూలు కూడా ఉన్నాయి. ఇక మీ అమ్మమ్మ గారి చేతి మీది మూడు చుక్కలు సరిగ్గా ఆ చోటనే ఉంటే, లాటిన్ అమెరికన్ ముఠాల, జైళ్ల జీవితానికి గుర్తుగా అక్కడి పోలీసులు వాటిని చదువుతారు. మన పల్లెల్లో అది అలంకారమని చెప్పేవారు పక్కన ఉండాలి కదా.

సమన్వయకర్త: ఆ మాట నేను ఎన్నడూ ఊహించలేదు. డాక్టర్ గారూ, ఇంటర్వ్యూకు ముందు లేజరుతో తీయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు.

వైద్యురాలు: దయచేసి ఆ తొందర పడవద్దు. లేజరు చికిత్స ఒక్కసారితో పూర్తయ్యేది కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో పలుమార్లు చేయాలి. మన చామనఛాయ చర్మం మీద తెల్లని మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. రంగు తగ్గిన మచ్చలనూ, స్పర్శ తెలియని చోట్లనూ వలస వైద్య పరీక్షలో ప్రత్యేకంగా చూస్తారు, ఎందుకంటే అవి కుష్ఠు లక్షణాలు కూడా. అంటే ఒక ప్రశ్నను తప్పించుకోబోయి రెండు ప్రశ్నలు తెచ్చుకున్నట్టవుతుంది.

అయితే మన జిల్లాల వారికి దీనికన్నా పెద్ద ప్రమాదం సూదిలో ఉంది. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లే వారికి బొమ్మ అడ్డు కాకపోవచ్చు, రక్త పరీక్ష అడ్డవుతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి ఏది బయటపడినా గల్ఫ్ వైద్య పరీక్షలో అనర్హులుగా తేలుస్తారు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది కనుక, జాతరలో ఒకే సూదితో పది మందికి పొడిచే చోట కూర్చోవడమంటే అప్పుచేసి కట్టిన ఏజెంటు సొమ్మును పణంగా పెట్టడమే. హెపటైటిస్ సి నేడు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. కానీ నయమైన తరువాత కూడా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే వస్తుంది, అది చూసి వెనక్కి పంపితే ఆ మనిషి ఎవరితో వాదిస్తాడు?

సమన్వయకర్త: తిరుపతిలో స్వస్తిక వేయించుకునేవారు ఎక్కువ. దాని సంగతి?

న్యాయవాది: జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నాజీ గుర్తుల ప్రదర్శనను నేరంగా చూస్తుంది. నిషేధం నాజీ గుర్తు మీదే, మన స్వస్తిక మీద కాదు. అయినా వీధిలో చూసేవాడికి ఆ తేడా తెలియదు కనుక, అక్కడ చొక్కా చేతులతో కప్పుకోవడమే మంచిది.

సమన్వయకర్త: మరి వైష్ణవ దీక్ష అయిన సమాశ్రయణంలో భుజాల మీద వేసే శంఖచక్ర ముద్రలు? అమెరికాలో ఉన్న బిడ్డల దగ్గరికి శాశ్వతంగా వెళ్లే పెద్దలు ఎందరో ఉన్నారు.

వైద్యురాలు: అది కాల్చిన మచ్చ కనుక తప్పక కనిపిస్తుంది. దాచకుండా, అడగకముందే, ఇది మా సంప్రదాయ దీక్ష అని చెప్పాలి.

న్యాయవాది: దీక్ష ఇచ్చిన ఆచార్యుల నుంచి ఒక లేఖ దగ్గర ఉంచుకోమని కూడా చెబుతాను. టాటూకైనా ఇదే పద్ధతి: ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు వేయించుకున్నదీ నిజం చెప్పాలి. ప్రమాణం చేసి అబద్ధం చెబితే, ఆ అబద్ధమే జీవితాంతం వీసా రాకుండా చేయగలదు.

కళాకారుడు: ఇకమీదట ప్రతి ఒక్కరికీ ఒక చీటీ రాసి ఇస్తాను. తేదీ, బొమ్మ, దాని అర్థం, వాళ్ల ఎదుటే విప్పిన సూది ప్యాకెట్ నంబరు.

వైద్యురాలు: హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు ఏ తేదీల్లో వేయించుకున్నారో రాయడానికి అందులో మూడు గళ్లు పెట్టండి. ఆ గళ్లు నిండిన తరువాతే సూది పట్టుకోండి.