స్విచ్ లాగిన్‌ని టాకాక్స్ ప్లస్ సర్వర్‌కి అప్పగిద్దాం, మనం బయట ఇరుక్కోకుండా

నమస్తే అండీ. ప్రతి నెట్‌వర్క్ స్విచ్‌లోనూ విడివిడిగా యూజర్లను పెట్టుకుంటూ పోతే ఎంత తలనొప్పో టీమ్‌లో ఒకరు ఉద్యోగం మానేసిన రోజు తెలుస్తుంది. స్విచ్‌లన్నీ తిరిగి ఆ పేరు తీసేయాలి. అందుకే యూజర్లందరినీ ఒకే సర్వర్‌లో పెట్టి, స్విచ్ అక్కడ అడిగి రానిచ్చేలా చేద్దాం. స్క్రీన్ మీద ఉన్నది సిస్కో ఐఓఎస్ స్విచ్, అవతల టాకాక్స్ ప్లస్ సర్వర్, అంటే ఎవరిని రానివ్వాలో స్విచ్‌కి చెప్పేది.

ఇదే పని చేసే రేడియస్ అనే ఇంకో పద్ధతి వాడకూడదా అంటే, వాడొచ్చు. కానీ అది యూడీపీ పోర్ట్ 1812 మీద నడుస్తుంది, మామూలుగా పాస్‌వర్డ్‌ని మాత్రమే దాస్తుంది. టాకాక్స్ ప్లస్ టీసీపీ పోర్ట్ 49 మీద నడుస్తుంది, ప్యాకెట్ బాడీ మొత్తాన్నీ దాస్తుంది, ఎవరు ఏ కమాండ్ కొట్టొచ్చో కూడా చెప్తుంది. అడ్మిన్ లాగిన్‌కి నా ఓటు దీనికే. అయితే ఆ దాపరికం ఎండీ5 అనే హాష్ పద్ధతితో చేసేది, పాతబడిపోయింది. కాబట్టి ఈ ట్రాఫిక్‌ని మేనేజ్‌మెంట్ వీలాన్‌లోనే (స్విచ్‌ల నిర్వహణకు విడిగా పెట్టిన నెట్‌వర్క్‌లోనే) ఉంచండి.

ముందుగా కాన్ఫిగ్ సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. ఏదైనా తేడా వచ్చి బయట పడిపోయినా, పది నిమిషాలకు స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ఇప్పుడున్న సెషన్ మాత్రం మూసేయకండి.

తర్వాత ఒక లోకల్ యూజర్: ప్రివిలేజ్ 15 (పూర్తి అధికారాలు), గట్టి సీక్రెట్ (పాస్‌వర్డ్). ఇది లేకుండా, ఏఏఏ (లాగిన్, అధికారాల తనిఖీ) ఆన్ చేసే 'ఏఏఏ న్యూ మోడల్' కమాండ్ జోలికి వెళ్లొద్దు. ఆ లైన్ ఎంటర్ కొట్టగానే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు (నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి చేసేవి) లోకల్ యూజర్ల కోసం వెతుకుతాయి. ఎవరూ లేకపోతే ఎవరినీ రానివ్వదు.

ఇప్పుడు సర్వర్ అడ్రస్, కీ (స్విచ్‌లోనూ సర్వర్‌లోనూ ఒకేలా ఉండాల్సిన రహస్య పదం) ఇవ్వండి. సోర్స్ ఇంటర్‌ఫేస్ (స్విచ్ ఏ ఐపీ నుంచి రిక్వెస్ట్ పంపాలో) కూడా చెప్పండి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. సర్వర్ జాబితాలో ఉన్న ఐపీ ఒకటి, స్విచ్ రిక్వెస్ట్ పంపే ఐపీ ఇంకొకటి అయితే సర్వర్ పట్టించుకోదు.

అసలు లైన్ ఇది: 'ఏఏఏ ఆథెంటికేషన్ లాగిన్ డిఫాల్ట్ గ్రూప్ టాకాక్స్ ప్లస్ లోకల్'. చివర్లో ఉన్న ఆ 'లోకల్' సర్వర్ జవాబివ్వనప్పుడే పనిచేస్తుంది. సర్వర్ పలికి 'వద్దు' అంటే అంతే సంగతి, స్విచ్ లోకల్ వైపు చూడనే చూడదు. సర్వర్ బాగున్నప్పుడు లోకల్ పాస్‌వర్డ్ పనిచేయట్లేదని టెన్షన్ పడకండి, అది సరిగ్గానే ఉన్నట్టు.

'ఏఏఏ ఆథరైజేషన్ ఎగ్జిక్' కూడా ఇలాగే ఇవ్వండి. లేదంటే లాగిన్ అయినా తక్కువ అధికారాలుండే ప్రివిలేజ్ 1 దగ్గరే ఆగిపోతారు.

ఇంకో విండో తెరిచి సర్వర్ యూజర్‌తో లాగిన్ అవ్వండి. తర్వాత సర్వర్‌లో ఆ సర్వీస్ ఆపి, లోకల్ యూజర్‌తో ప్రయత్నించండి. డిఫాల్ట్ టైమౌట్ 5 సెకన్లు కాబట్టి కాస్త ఆగొచ్చు, కంగారు పడొద్దు.

రెండూ పనిచేశాయా? సర్వీస్ మళ్లీ ఆన్ చేసి, 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, అప్పుడు 'రైట్ మెమరీ'తో కాన్ఫిగ్ సేవ్ చేయండి. ఆ క్యాన్సిల్ మర్చిపోయారో, అందరూ పనిలో ఉండగా స్విచ్ రీస్టార్ట్ అవుతుంది!