ఫోనా కంప్యూటరా అని సైట్ అడగొద్దు

అందరికీ నమస్కారం. నల్లగొండ ఎండలో, అదీ భోజనాలయ్యాక, సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ ఎట్లా కనబడాలో చెప్పే భాష) గురించి వినడానికి కూర్చున్నారంటే మీ ఓపికను మెచ్చుకోవాలి. స్లైడ్లు తేలేదు. ఒక బత్తాయి వ్యాపారి సైట్ నన్ను మూడు రోజులు ఎట్లా తిప్పలు పెట్టిందో చెప్తా.

సైట్ వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) చేశాను, థీమ్, అంటే సైట్‌కు రూపం ఇచ్చే రెడీమేడ్ ఫైళ్లు, కొన్నది. దాని హెడర్ ఫైల్‌లో డబ్ల్యూపీ ఈజ్ మొబైల్ ఫంక్షన్ పెట్టి, ఫోనైతే చిన్న మెనూ, కాకపోతే పెద్ద మెనూ అని ఇఫ్ షరతు రాశారు. రెండో రోజే ఆయన ఫోన్ చేశాడు. "తమ్మీ, నిన్న మంచిగనే ఉండె, ఇయ్యాల కంప్యూటర్ల తెరిస్తే ఫోన్ల లెక్క వస్తున్నది, ఏం జేసినవ్?"

నేనేం చేయలేదు. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే సరిగ్గానే ఉంది. సగం రోజు పోయాక వెలిగింది: నేను అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నాను, లాగిన్ అయినవాళ్లకు మా క్యాష్ ప్లగిన్ దాచిన పేజీ ఇవ్వదు. (క్యాష్ అంటే పైసలు కాదు, ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి తర్వాత వచ్చినవాళ్లకు అదే పంచడం.) పొద్దున్నే ఎవరో ఫోన్‌లో తెరిచారు, ఆ పేజీ దాగింది, ఇక కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకూ అదే. అందుకే ఇలాంటి గొడవ వస్తే ముందు ఇన్‌కాగ్నిటోలో (మీ లాగిన్ లేని ప్రైవేట్ విండో) చూడండి.

క్యాష్ లేకపోయినా ఆ ఫంక్షన్‌ను నేను నమ్మను. అది చూసేది యూజర్ ఏజెంట్ లాంటి, బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకునే మాటల్ని. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్‌లో సఫారీ మామూలుగా తనను మ్యాక్ అని చెప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్, తెర ఎంత పెద్దదైనా, కొన్ని బ్రౌజర్లలో మొబైల్ కిందే పోతుంది. తెర వెడల్పు సర్వర్‌కు ఏం తెలుసు?

సరే, ఇఫ్ తీసేసి, ఒకటే మెనూ పెట్టి, 768 పిక్సెళ్ల దగ్గర మీడియా క్వెరీ (వెడల్పును బట్టి రూపం మార్చే సీఎస్‌ఎస్ నియమం) రాశాను, అంతకన్నా తక్కువైతే చిన్న మెనూ రావాలి. ఈసారి ఫోన్‌లోనే పెద్ద మెనూ, చీమల్లాంటి అక్షరాలు! క్వెరీ తప్పేమో అని గంటసేపు తల పట్టుకున్నా. తీరా చూస్తే థీమ్ రాసిన మహానుభావుడు వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌ను (పేజీని తెర వెడల్పుకే గీయమని బ్రౌజర్‌కు చెప్పే లైను) కూడా ఆ ఇఫ్ లోపలే పెట్టాడు, నేను తీసినప్పుడు అదీ పోయింది. ఆ ట్యాగ్ లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు మామూలుగా 980 పిక్సెళ్లు అనుకొని గీసి, కుదించి చూపిస్తుంది. 980 అంటే నా 768 కన్నా ఎక్కువే కదా, క్వెరీ తన పని తాను చేసింది.

తర్వాత ధరల పట్టిక. పేజీ మొత్తం పక్కకు జారుతోంది. ఇలాంటప్పుడు బాడీకి, అంటే పేజీ మొత్తానికి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పోయేదాన్ని దాచెయ్యడం) కొట్టి చేతులు దులుపుకోకండి, పట్టికలో చివరి ధర కనబడకుండా పోతుంది. అన్ని ఎలిమెంట్లకూ తాత్కాలికంగా ఎర్ర అవుట్‌లైన్ ఇస్తే ఏ డబ్బా బయటికొచ్చిందో కనిపిస్తుంది. మాకు అది ఫ్లెక్స్ (డబ్బాలను పక్కపక్కన పేర్చే పద్ధతి) లోపలి కాలమ్, లోపలి పట్టిక కన్నా చిన్నగా కుంచించుకోదు. దానికి మిన్ విడ్త్ (కనీస వెడల్పు) సున్నా ఇచ్చి, పట్టిక చుట్టూ డివ్ అనే డబ్బా పెట్టి, ఆ డివ్‌కే ఓవర్‌ఫ్లో ఎక్స్ ఆటో ఇచ్చాను, ఇక పట్టిక మాత్రమే పక్కకు జారుతుంది.

చివరగా, ఇంగ్లిష్ థీమ్‌లో కనిపించని తప్పొకటి. హెడ్డింగ్ లైన్ హైట్ (వరుస ఎత్తు) 1, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్. ఫోన్‌లో కింది ఒత్తు తెగిపోయి, బత్తాయి కాస్తా బతాయి అయి కూర్చుంది. 1.6 చేశాక ఒత్తు తిరిగొచ్చింది. వ్యాపారి మాత్రం మెనూ సంగతి మర్చిపోయి ఆ పేరు గురించే వారం రోజులు దెప్పాడు.

ఇక మీ సైట్లు ఫోన్‌లో తెరవండి, వెనక బెంచీ నుంచి మొదలుపెడదాం.