నాలుగు రోజుల పని, మూడు రోజుల సెలవు: మనకి కుదిరే పనేనా? (చర్చ పాఠం)

(ప్రకటనలు, పలకరింపులు తీసేసి మిగతాది ఉన్నది ఉన్నట్టు రాశాను. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి గొంతు వినపడితే వాళ్ళ మాటే రాశాను, అంటే ఎక్కువగా యజమాని గారిదే.)

యాంకర్: నవంబర్ 21, 2025 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. రోజుకి 12 గంటల చొప్పున నాలుగు రోజులు చేస్తే మిగతా మూడు రోజులు జీతంతో సెలవు ఇచ్చే వీలుందని కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. అప్పటి నుంచి ఏ వాట్సాప్ గ్రూప్ చూసినా ఇదే గోల. స్టూడియోలో ఒక కార్మిక సంఘం నాయకుడు, హైదరాబాద్ జీడిమెట్లలో చిన్న పరిశ్రమ నడిపే యజమాని, ఒక ఐటీ ఉద్యోగిని ఉన్నారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. నాయకుడు గారూ, మీతో మొదలుపెడదాం. మగాళ్ళు వారానికి మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే ఇంట్లో ఆడవాళ్ళ గతి ఏంటండీ?

నాయకుడు: అది తర్వాత మాట్లాడదాం. అసలు ఇది పని తగ్గించడమే కాదు. ఆరు రోజులు ఎనిమిది గంటల చొప్పున చేసినా 48 గంటలే, నాలుగు రోజులు పన్నెండు గంటల చొప్పున చేసినా 48 గంటలే. గంట కూడా తగ్గలేదు. ఒక పక్క సెలవు అని ఊరిస్తూ ఇంకో పక్క ఏపీలో ఫ్యాక్టరీ పని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచారు, 2025 జూన్‌లో కేబినెట్ నిర్ణయం. మూడు నెలలకి 75 గంటలున్న ఓటీ, అంటే అదనపు పని గంటల పరిమితిని 144 చేశారు. తెలంగాణ కూడా జూలైలో వాణిజ్య సంస్థలకి...

యజమాని: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం.

నాయకుడు: పూర్తి చేయనివ్వండి. తెలంగాణ కూడా 10 గంటలకి జీఓ ఇచ్చింది...

యజమాని: వారానికి 48 దాటకూడదని అదే జీఓలో ఉంది కదా, అది చెప్పరేం? సగం చెప్పి సగం మింగేస్తే ఎలా బ్రదర్? నేను చెప్తా వినండి. నా షెడ్డులో నలభై మంది పనిచేస్తారు. మిషన్ల మీద బ్యాంకు లోను ఉంది, నాలుగు రోజులు తిప్పినా ఏడు రోజులు తిప్పినా ఈఎంఐ ఒకటే. కరెంటు వాడినా వాడకపోయినా డిమాండ్ ఛార్జీ కట్టాలి. నా దగ్గరున్న కుర్రాళ్ళలో సగం మంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళు ఇక్కడికి సెలవులకి రాలేదు, నాలుగు డబ్బులు వెనకేసుకుని పండక్కి ఇంటికెళ్దామని వచ్చారు, ఓటీ లేదంటే వాళ్ళే పక్క షెడ్డుకి వెళ్ళిపోతారు. మూడు రోజులు సెలవిస్తే ఆ గదిలో ఎనిమిది మంది పడుకుని ఏం చేస్తారు?

యాంకర్: అదే నా ప్రశ్న! ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?

నాయకుడు: ఓటీ చేస్తేగానీ గడవని జీతం ఇవ్వడమే అసలు రోగం. ఓటీకి డబుల్ ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. ఎంతమంది ఇస్తున్నారు? మీరు ఇస్తున్నారా?

యజమాని: నా సంగతి ఎందుకు? టాపిక్ మీద మాట్లాడండి. (ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు)

యాంకర్: మేడం, మీకు ఐదు రోజులే పని, ఏసీ ఆఫీసు. మీకు ఇంకా తగ్గించాలా?

ఐటీ ఉద్యోగిని: ఐదు రోజులు అన్నది ఆఫర్ లెటర్‌లో సార్. పొద్దున పదింటికి లాగిన్, రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా క్లయింట్ కాల్, ఆదివారం రాత్రికే సోమవారం టెన్షన్ మొదలు. నేను చెప్పేది ఏంటంటే పన్నెండు గంటలు నాలుగు రోజులు అన్నది ఒకటి, జీతం తగ్గించకుండా గంటలే తగ్గించడం వేరొకటి, ఈ రెండూ కలిపేసి మాట్లాడుతున్నాం. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 దాకా సుమారు 2500 మందికి వారానికి 40 గంటల్ని 35, 36కి తగ్గించి చూశారు, జీతం అంతే. పని దెబ్బతినలేదు.

యజమాని: ఐస్‌లాండ్ జనాభా ఎంతమ్మా? నాలుగు లక్షలు కూడా లేరు. మా కూకట్‌పల్లి అంత ఉండదు ఆ దేశం!

ఐటీ ఉద్యోగిని: సరే, బ్రిటన్ తీసుకోండి. 2022లో 61 కంపెనీలు ఆరు నెలలు ఇలాగే గంటలు తగ్గించి చూశాయి. ఆ ఆరు నెలలు అయిపోయాక కూడా 56 కంపెనీలు కొనసాగించాయి.

యజమాని: వాళ్ళంతా ఎవరు? తమంతట తాము ముందుకొచ్చిన కంపెనీలు. ఇష్టమున్నవాణ్ణి అడిగి బాగుందా అంటే బాగుందనే అంటాడు. మైక్రోసాఫ్ట్ జపాన్‌లో నాలుగు రోజుల పనితో ఉత్పాదకత 40 శాతం పెరిగిందని కూడా చెప్తారు, అది 2019 ఆగస్టు ఒక్క నెల. ఒక్క నెలమ్మా! నెల రోజులు కొత్త కోడలు కూడా బాగానే ఉంటుంది.

(యాంకర్ నవ్వారు. ఉద్యోగిని నవ్వలేదు. నిజానికి ఆ మాట తీసేస్తే అందులో కొంత పస ఉంది, కానీ దాని మీద ఎవరూ ఆగలేదు.)

యాంకర్: కోడలు అన్నారు కాబట్టి మళ్ళీ ఇంటికి వద్దాం. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ వారానికి 90 గంటలు పనిచేయాలన్నారు, ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపు చూస్తారన్నారు. అంతకుముందు 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 70 అన్నారు. మేడం, మీ ఆయన మూడు రోజులు ఇంట్లో ఉంటే మీకు సాయమా, భారమా?

ఐటీ ఉద్యోగిని: మా ఆయన సంగతి వద్దు సార్. లెక్క చెప్తా. జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడతారో చూసే 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు చేస్తున్నారని తేలింది. మగవాళ్ళలో ఇంటిపని చేసేవాళ్ళు 88 నిమిషాలు. పన్నెండు గంటల షిఫ్ట్ పెడితే ముందు మానేసేది ఆడవాళ్ళే. పొద్దున్న ఏడుకి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వస్తే స్కూల్ నుంచి పిల్లని ఎవరు తెస్తారు? మూడు రోజుల సెలవు ఆ నాలుగు రోజుల్ని తిరిగి...

యాంకర్: అంటే మగాళ్ళు ఇంట్లో ఉంటే పని పెరుగుతుందన్నమాట!

ఐటీ ఉద్యోగిని: నేను అలా అన్లేదు సార్.

యజమాని: పన్నెండు గంటల మాట నేనూ ఒప్పుకోను, అది రాసుకోండి. పదో గంట దాటాక రిజెక్షన్, అంటే పనికిరాని సరుకు, పెరుగుతుంది, కన్ను నిలవదు, మిషన్ మీద చెయ్యి పోతే కేసు నా మీద. అందుకే ఆరు రోజులు, రోజుకి ఎనిమిది, అవసరమైతే పది. ఇందులో తప్పేముంది?

నాయకుడు: మరి నేను చెప్పేది కూడా అదే కదా, పన్నెండు వద్దని.

యజమాని: మీరు సెలవు కావాలంటున్నారు.

నాయకుడు: నేనెక్కడ అన్నాను? గంటలు తగ్గించమన్నాను. ఆదివారం సెలవు కూడా ఎవడూ దయ తలిచి ఇవ్వలేదు. బొంబాయి మిల్లుల్లో కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి కొట్లాడితే 1890 జూన్‌లో వచ్చింది. ఎనిమిది గంటల కోసం 1942లో అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి...

యజమాని: చరిత్ర పాఠం వద్దు బ్రదర్. సెలవుల సంగతి నన్నడగండి. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి వారానికి మూడు రోజులు పవర్ హాలిడే, అంటే కరెంటు ఉండదు. అప్పుడు నాలుగు రోజుల పని అని మేమేమైనా పండగ చేసుకున్నామా? జనరేటర్‌కి డీజిల్ పోసి పోసి ఎంతమంది షట్టర్ దించేశారో జీడిమెట్ల, బాలానగర్ వెళ్ళి అడగండి. 2022 ఏప్రిల్‌లో ఏపీలో మళ్ళీ పవర్ హాలిడే పెట్టారు. (ఇక్కడి నుంచి ఐదు నిమిషాలు కరెంటు ఛార్జీలు, సబ్సిడీ బకాయిలు. వదిలేశాను.) ఏపీ సచివాలయానికి మాత్రం 2016 నుంచి వారానికి ఐదు రోజులే! శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఫైలు కదలదు.

నాయకుడు: అది రాజధాని హైదరాబాద్ నుంచి తరలినప్పుడు ఇచ్చిన వెసులుబాటు. కుటుంబాలు హైదరాబాద్‌లో, ఆఫీసు అమరావతిలో.

యజమాని: బ్యాంకులోళ్ళూ అదే అడుగుతున్నారు. రెండో శనివారం, నాలుగో శనివారం చాలవా?

నాయకుడు: రోజూ 40 నిమిషాలు ఎక్కువ చేస్తామని వాళ్ళే ఒప్పుకున్నారు, 2024 మార్చిలోనే ఒప్పందం కుదిరింది. ఎల్ఐసీకి 2021 నుంచి ఐదు రోజులే. మునిగిపోయిందా?

యాంకర్: ఒక కాలర్ ఉన్నారు, వనస్థలిపురం నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ గార్డుని. మాది రోజూ పన్నెండు గంటలే సార్, ఏడు రోజులూ. నా తర్వాత డ్యూటీకి రావాల్సిన రిలీవర్ రాకపోతే ఇరవై నాలుగు. ఈ మూడు రోజుల సెలవు మాకు కూడా ఇస్తారా సార్?

(నాలుగైదు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. గంటలో ఇదొక్కటే ఖాళీ.)

యాంకర్: మీరు ఇంట్లో ఎంతసేపు ఉంటారు?

కాలర్: పడుకోడానికే సార్. మా పాప నన్ను...

యజమాని: ఇది ఏజెన్సీల తప్పు! ఇద్దరి పని ఒకడితో చేయిస్తారు, ఇద్దరి డబ్బులు తీసుకుంటారు. ఇలాంటి వాళ్ళ వల్లే మా అందరికీ చెడ్డపేరు...

నాయకుడు: ఆయన్ని మాట్లాడనివ్వండి. బాబూ, నీకు వారానికి ఒక రోజు సెలవు చట్టంలోనే ఉంది...

యాంకర్: లైన్ కట్ అయింది.

ఐటీ ఉద్యోగిని: సార్, ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా వెళ్ళిపోతున్నాం. కోడ్‌లో ఓటీకి కార్మికుడి సమ్మతి కావాలని ఉంది. ఆయన లాంటివాళ్ళు కుదరదని ఎవరితో చెప్పగలరు?

యజమాని: అమ్మా, ఆయనకి పని ఉంది. ముందు అది చూడు. పని లేనివాళ్ళ సంగతేంటి? చైనా వాడితో పోటీ పడాలి, జర్మనీ ఆర్డర్ లేటైతే పెనాల్టీ కట్టాలి...

ఐటీ ఉద్యోగిని: జర్మనీ వాళ్ళు మనకంటే తక్కువ గంటలు పనిచేస్తారు సార్.

యజమాని: వాళ్ళ మిషన్లు నాకివ్వండి, నేనూ తక్కువే చేయిస్తా!

యాంకర్: అద్భుతం. సమయం అయిపోయింది. మొత్తానికి నాలుగు రోజుల పని మన పరిశ్రమ తట్టుకోలేదని ఈ చర్చలో తేలింది.

నాయకుడు: ఎక్కడ తేలింది?

యాంకర్: మగాళ్ళు ఇంట్లో ఉంటే ఆడవాళ్ళకి కష్టమని మేడం కూడా అన్నారు.

ఐటీ ఉద్యోగిని: నేను అన్లేదు సార్, రెండోసారి చెప్తున్నా.

యజమాని: ఒక్క మాట, జీఎస్టీ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తా...

యాంకర్: చెప్పండి సార్, మీకు ఒక నిమిషం ఇస్తున్నాం.