పాత వ్యాన్‌కి కొత్త సత్తువ: ఇంజిన్ మార్చే ముందు మాట్లాడుకోవాల్సినవి

యాంకర్: అన్నా, పాత వ్యాన్ ఉన్నవాళ్లందరి గోడూ ఒకటే. బాడీ గట్టిగానే ఉంది, లోపల కావలసినంత చోటుంది. ఎత్తు రాగానే మాత్రం రెండో గేర్లో మూలుగుతూ పాకుతుంది. పెద్ద ఇంజిన్ వేసేస్తే సరిపోతుందా?

మెకానిక్: ఇంజిన్ ఒక్కటే వేస్తే సరిపోదు తమ్ముడూ. ఫోక్స్‌వ్యాగన్ టీ3నే తీసుకుందాం, 1979లో వచ్చిన బండి. ఇంజిన్ వెనకాల ఉంటుంది. తర్వాతి రోజుల్లో 2.1 లీటర్ల ఇంజిన్ ఇచ్చారు, అమెరికా మోడల్లో దానికి 95 హార్స్‌పవర్. పడక, వంట లాంటి క్యాంపర్ సామాను, మనుషులు ఎక్కితే బండి రెండు టన్నులకి చేరుతుంది. ఆ బరువుని 95 ఏం లాగుతుంది పాపం!

యాంకర్: అందులో జపాన్ కంపెనీ సుబారు ఇంజిన్ వేస్తారని విన్నాను.

మెకానిక్: అవును, ఈజే22 అనే ఇంజిన్. 2.2 లీటర్లు, సుమారు 130 హార్స్‌పవర్. పాత దానిలాగే ఇదీ బాక్సర్ ఇంజిన్, సిలిండర్లు పక్కలకి పడుకుని ఉంటాయి. అందుకే ఆ తక్కువ ఎత్తులో ఇమిడిపోతుంది. మొదట్లో వచ్చిన ఈజే22లో టైమింగ్ బెల్టు (వాల్వుల్ని సమయానికి తెరిపించే బెల్టు) తెగినా వాల్వులు పిస్టన్లకి తగిలి పాడవవు, అదొక పెద్ద ధైర్యం.

యాంకర్: 2.5 లీటర్లది కూడా ఉంది కదా? ఎలాగూ మారుస్తున్నాం, పెద్దదే వేస్తే?

మెకానిక్: పవర్ ఎక్కువే, కాదనను. కానీ 1990ల చివర్లో వచ్చిన 2.5లకి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైన హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయే జబ్బు ఉంది. వ్యాన్‌లో ఇంజిన్ ఎప్పుడూ లోడ్ మీదే ఉంటుంది, కారులోలా కాదు. నన్నడిగితే 2.2 చాలు.

యాంకర్: మరి పాత గేర్‌బాక్స్‌కి ఇది ఎలా కలుస్తుంది?

మెకానిక్: బోల్టు రంధ్రాలు కలవవు, మధ్యలో అడాప్టర్ ప్లేట్ పడాలి. క్రాంక్ షాఫ్టూ గేర్‌బాక్స్ షాఫ్టూ ఒకే సెంటర్లో ఉన్నాయో లేదో డయల్ గేజ్ (చిన్న తేడానీ చూపించే కొలత పరికరం) పెట్టి చూడాల్సిందే. రవ్వంత తేడా వచ్చినా బేరింగు, సీలు, క్లచ్చి ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఇంకోటి, సుబారు ఆయిల్ సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, బాగా లోతు, వ్యాన్‌ కిందకి వేలాడుతుంది. రాయి తగిలిందంటే ఆయిలంతా రోడ్డు మీదే. అందుకే పొట్టి సంప్ వేస్తారు, లోపల ఆయిల్ పీల్చే పైపుని కూడా దానికి తగ్గట్టు కురచ చేస్తారు. ఆ పైపు సంగతి మర్చిపోతే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాలి.

యాంకర్: గేర్‌బాక్స్ ఈ బలం తట్టుకుంటుందా?

మెకానిక్: టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 160 న్యూటన్ మీటర్ల నుంచి 185 దాకా వెళ్తుంది. మంచి కండిషన్లో ఉన్న గేర్‌బాక్స్ ఓర్చుకుంటుంది, కాలు కొంచెం మెత్తగా వేస్తే. అరిగిపోయిందైతే ముందు దాన్ని విప్పి బాగుచేయించాలి.

యాంకర్: మార్చాక హీట్ ఎక్కుతోందని చాలామంది అంటారు.

మెకానిక్: అందరూ చిక్కుకునేది అక్కడే. టీ3లో రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. కూలెంట్ బండి పొడుగునా పోయి రావాలి. మొత్తం 17 లీటర్ల దాకా పడుతుంది. సుబారులో థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వు, పంపులోకి నీళ్లు వచ్చే వైపు ఉంటుంది. ముందు నుంచి అంత దూరం వచ్చిన చల్లటి నీళ్లు తగలగానే అది మూసుకుంటుంది. లోపల ఇంజిన్ కాగిపోతున్న సంగతి దానికి తెలీదు. టెంపరేచర్ ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. వేడినీళ్లు కూడా థర్మోస్టాట్‌కి తగిలేలా బైపాస్ లైన్ సరిగ్గా వేస్తే ముల్లు నిలబడుతుంది. అయ్యాక గాలి తీయాలి. ముందు చక్రాలు జాకీ మీద లేపి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి.

యాంకర్: వైరింగ్?

మెకానిక్: ఇంజిన్ ఏ బండిలోంచి వచ్చిందో ఆ బండి ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు అన్నీ కలిపి తీసుకోండి. అక్కర్లేని వైర్లు డయాగ్రం చూసి తీసేయడమే. ఓపిక పని, అంతే. కానీ అన్నిటికంటే ముందు బ్రేకుల గురించి చెప్పనివ్వు.

యాంకర్: చెప్పండన్నా.

మెకానిక్: 80లో వెళ్లే బండి 110లో వెళ్తే, ఆపేటప్పుడు బ్రేకుల మీద పడే శక్తి దాదాపు రెట్టింపు. వేగం పెరిగింది ముప్పై, నలభై శాతమే కదా అనుకుంటాం. ఫోక్స్‌వ్యాగన్ దక్షిణాఫ్రికాలో ఈ వ్యాన్‌ని 2002 దాకా తయారుచేసింది. అక్కడ ఆడి ఐదు సిలిండర్ల ఇంజిన్ వేసినప్పుడు ముందు చక్రాలకి లోపల గాలి ఆడే పెద్ద వెంటిలేటెడ్ బ్రేకు డిస్కులు కూడా వేసింది. కంపెనీయే అంత జాగ్రత్త పడింది. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరిగే బండి ఇది. బ్రేకులు, టైర్లు, షాకులు అయ్యాకే ఇంజిన్ దించండి.

యాంకర్: రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మాటేంటి?

మెకానిక్: ఏ దేశంలోనైనా పని మొదలెట్టకముందే అడగాలి. ఇంజిన్ మారిందని చెప్పకుండా తిరిగితే, యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

యాంకర్: అన్నీ అయ్యాయి, బండి స్టార్ట్ అయింది. వెంటనే దూరం పోవచ్చా?

మెకానిక్: వద్దు. ముందు దగ్గర్లోనే తిప్పండి. ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక హోస్ క్లిప్పులన్నీ మళ్లీ బిగించండి, కూలెంట్ లెవెల్ చూడండి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు కూడా. ఆయిల్ ఎక్కడా చెమ్మగిల్లట్లేదని నిర్ధారించుకున్నాకే ఘాట్ రోడ్డు ఎక్కండి.